గుక్కెడు సన్నాయి

సంక్రాంతి పోయిన కొత్తలో మా బాపు స్కూటరు మీద నుంచి పడ్డాడు. మొయినాబాద్‌లో సెలూన్ మూసి మా ఊరు హిమాయత్‌నగర్ వస్తుంటే కుక్క అడ్డం వచ్చింది. రోడ్డు పక్కన పోసిన కంకర మీద చక్రం జారింది. చేతులూ కాళ్లూ గీరుకుపోయాయి, అంతే. దెబ్బంతా మూతికే తగిలింది. పై వరుసలో ముందు పళ్లు పోయాయి, పై పెదవి ముక్కు దాకా చీలింది.

దవాఖానలో కుట్లు వేసిన డాక్టరు మంచివాడే. కళ్లకేమీ కాలేదు, తలకేమీ కాలేదు, అదృష్టవంతుడన్నాడు. నేనూ అమ్మా తలలూపాము. మా హన్మయ్య చిన్నాయన మాత్రం గోడకు ఆనుకుని నిలబడి ఒకే మాట అడిగాడు.

"సారూ, మా అన్న మళ్ల ఊదుతడా?"

ఏమి ఊదుతాడని అడుగుతున్నాడో డాక్టరుకు అర్థం కాలేదు.

మా బాపు పేరు యాదగిరి. నడిపేది సెలూనే అయినా మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా ఆయన్ని అందరూ సన్నాయి యాదగిరి అనే పిలుస్తారు. బాపు సన్నాయి, ఆయన తమ్ముడు హన్మయ్య డోలు. ఈ చుట్టుపక్కల లగ్గం పెట్టుకున్నవాళ్లు ఫంక్షన్ హాలు కంటే ముందు మా ఇంటికి వచ్చి బాపును తేదీ అడిగి పోయేవాళ్లు.

కుట్లు విప్పారు. పెట్టుడు పళ్లు వచ్చాయి. అన్నం తినగలుగుతున్నాడు, మాట్లాడగలుగుతున్నాడు. ఒక పొద్దున స్నానం చేసి వచ్చి, గుడ్డలో చుట్టిన సన్నాయి తీసి నోట్లో పెట్టుకున్నాడు. నేను కాలేజీకి బయలుదేరుతున్నదాన్ని చెప్పులేసుకోవడం ఆపేశాను. రబ్బరు పోయిన కుక్కరులా పెదవి సందులోంచి గాలి బుస్సుమని పోయింది. ఇంకోసారి ఊదాడు. ఒక స్వరం పలికింది, పలికిన వెంటనే తెగిపోయింది. పెదవికి పట్టు లేదు. నరం తెగిన చోట గాలి ఆగడం లేదు.

సన్నాయిని మళ్లీ గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టాడు. "టీ పెట్టు" అన్నాడు అమ్మతో. ఆ తర్వాత చాలా రోజుల వరకు ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

ముహూర్తాలు మొదలయ్యాయి. చిన్నాయన ఒక్కడే డోలు తీసుకుని ఏం చేస్తాడు? పెళ్లివాళ్లు పెన్‌డ్రైవ్ పెట్టుకున్నారు. సన్నాయి పాటలు అందులోనే వస్తాయి, డోలు కూడా అందులోనే ఉంటుంది. కనకమామిడిలో ఒక లగ్గానికి చుట్టంగా పోయి వచ్చిన అమ్మ చీర కూడా మార్చుకోకుండా గడపలో కూర్చుంది.

"పుస్తె గట్టినంక గూడ ఆలాపనే నడుస్తున్నది. గట్టిమేళం ఎప్పుడొచ్చిందో తెలుసా? అందరు బువ్వకు పోతుంటె వచ్చింది."

బాపు వినిపించుకోనట్టే పేపర్ చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు నేను డిగ్రీ కంప్యూటర్స్ చివరి ఏడాది చదువుతున్నాను. నా దగ్గర రెండు తెరలుండే మడత గేమ్ ఒకటి ఉండేది, నింటెండో డీఎస్. హైదరాబాద్ జుమేరాత్ బజారులో పాత సామాన్ల కుప్పలో దొరికింది. కింది తెర మీద చిన్న పుల్లతో గీసి ఆడాలి. నేను దాన్ని ఆటలకు తీసుకోలేదు. కంపెనీతో సంబంధం లేకుండా, ఇష్టమున్నవాళ్లు తమ ఇళ్లలో కూర్చుని ఇలాంటి డబ్బాల కోసం సొంతంగా ప్రోగ్రాములు రాస్తారు. హోమ్‌బ్రూ అంటారు వాటిని. రాసింది రాసినట్టు నెట్‌లో పెడతారు, ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అందులో ఒకటి పాటలు వాయించుకునే ప్రోగ్రాము. దానికి ఏదైనా ఒక శబ్దం ముక్క ఇస్తే, కింది తెర మీద పుల్ల పెట్టిన చోటును బట్టి ఆ శబ్దం హెచ్చు స్వరంలోనో తగ్గు స్వరంలోనో పలుకుతుంది. అప్పటిదాకా నేను గిన్నె మోత, మేక అరుపు, బస్సు హారన్ వేసుకుని మోగిస్తూ నవ్వుకునేదాన్ని.

ఆ రోజు మాత్రం పేపర్ చాటున ఉన్న బాపును చూస్తూ వేరే లెక్క వేశాను. ఆయన పెదవి ఒక పాటకు సరిపోదు, ఒక స్వరానికైతే సరిపోతుంది కదా.

"బాపూ, ఒక్క గుక్క ఊదవా?"

"ఊదలేనని ఎరుకే గద."

"పాట వద్దు. ఒక్క స్వరమే, గింతంత. ఫోన్‌ల పట్టుకుంట."

"ఏం జేస్కుంటవ్?"

"పాడుగాకుండ దాసుకుంట."

ఆయన పేపర్ తిప్పాడు. అమ్మ లేచి స్టూలు వేసుకుని బీరువా మీద నుంచి సన్నాయి దించింది. ఆయన ఒళ్లో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

పెదవి రెండు అంచుల్నీ వేళ్లతో నొక్కిపట్టి ఊదాడు. రెండు వేళ్లు పెదవి మీద ఉంటే సన్నాయి రంధ్రాలు మూయడానికి చేతులు చాలవు. అందుకే నేను ముందు కూర్చుని, ఆయన చెప్పినట్టు రంధ్రాల మీద వేళ్లు పెట్టాను. నాలుగైదు సార్లు గాలే పోయింది. తర్వాత ఒక స్వరం, నిండుగా, కంచు మీద గీసినట్టు వచ్చి ఆగింది. కుట్లు విప్పిన చోట నెత్తురు చిమ్మింది. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నన్ను తిట్టింది.

ఆ ముక్కను కత్తిరించి, మొదలూ చివరా అతుకు తెలియకుండా కలిపి డబ్బాలో వేశాను. మరుసటి రోజు సెలూన్‌కు సెలవు. బాపు మంచం మీద ఉన్నాడు, చిన్నాయన కూడా వచ్చాడు. చిన్న స్పీకరుకు తగిలించి పుల్ల తెర మీద పెట్టాను.

బాపు స్వరం ఇల్లంతా నిండింది. అది ఎప్పుడు ఆగుతుందోనని ఆయన తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు. అది ఆగలేదు. చివరికి ఆయనే ఊపిరి వదిలాడు.

"అన్నా, నీదే గద!" అన్నాడు చిన్నాయన.

"నాదే. కని మనిషి ఊదినట్టు లేదు. మనిషైతె నడుమ గుక్క దిప్పుకుంటడు. గిదేంది, నల్లా ఇప్పినట్టు?"

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. పడిన రోజు నుంచి ఆయన సన్నాయి గురించి తనంతట తాను ఇంత మాట్లాడడం అదే మొదలు.

పుల్లను పైకి జరిపితే ఇంకో తప్పు బయటపడింది. పైకి పోయేకొద్దీ దోమ రొద, కిందికి వచ్చేకొద్దీ బర్రె అరుపు. ఒక్క స్వరాన్ని అంత దూరం సాగదీయలేం. "ఇంకొన్ని గావాలె బాపూ" అన్నాను. ఆయన పెదవి తడుముకుని, "రేపు" అన్నాడు.

అట్లా చైత్రమంతా ఒక్కో పొద్దున ఒక్కో స్వరం పట్టుకున్నాము. కొన్ని రోజులు గాలి తప్ప ఏమీ రాలేదు. కొన్ని రోజులు స్వరం వచ్చేసరికి వీధిలో కూరగాయల ఆటో మైకు మోగేది, బాపు నవ్వి మళ్లీ పెదవి పట్టుకునేవాడు. నేను కాలేజీ నుంచి వచ్చాక ప్రోగ్రాము మీద కూర్చునేదాన్ని. పుల్ల జరిపితే స్వరాలు మెట్లు దిగినట్టు కటకటా మారేవి. సన్నాయికి మెట్లు పనికిరావు, జారుడు కావాలి. రాసినవాళ్లు లోపలి సంగతంతా తెరిచే పెట్టారు కాబట్టి, అది ఎక్కడ తెగుతుందో వెతికి మార్చాను. బాపు అడిగిన గుక్క కోసం ఆ డబ్బాకున్న చిన్న మైకు పనికొచ్చింది. మైకులో ఊదితే తెర మీద కొవ్వొత్తి ఆరిపోయే ఆట ఒకటి ఇంకెవరో రాసి పెట్టారు. ఆ ముక్క తెచ్చి దీనికి కలిపాను. ఇక పుల్ల పెట్టగానే మోగదు. ఊదాలి. మెల్లగా ఊదితే మెల్లగా, గట్టిగా ఊదితే గట్టిగా పలుకుతుంది, ఊపిరి ఆపితే ఆగుతుంది.

దానికి పెదవి పట్టు అక్కర్లేదు. టీ చల్లార్చుకున్నట్టు ఊదితే చాలు.

బాపు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. పుల్లను గడ్డం గీసే కత్తి పట్టుకున్నట్టు మూడు వేళ్లతో తేలిగ్గా పట్టుకున్నాడు. ఊది, కింది నుంచి పైకి ఒక్కసారి జార్చాడు. ఆగాడు. మళ్లీ ఊది, అదే దారిలో పోతూ నడుమ ఒకచోట పుల్లను వణికించాడు. కల్యాణి రాగం. చిన్నాయన డోలు వేరే గదిలో ఉంది. అది తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేక ఇనుప బకెట్ బోర్లేసి వాయించడం మొదలుపెట్టాడు. అమ్మ కొత్తిమీర కట్ట చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది.

మేము తొందరపడ్డాము. కనకమామిడిలో తెలిసినవాళ్ల గృహప్రవేశముంటే, పాలు పొంగించే వేళకు వాయిస్తామని చెప్పి పోయాము. ఇంట్లో బకెట్ కాబట్టి తెలియలేదు. అక్కడ చిన్నాయన నిజం డోలు మీద మొదటి దెబ్బ వేయగానే డబ్బా మైకు ఆ మోతను కూడా ఊపిరే అనుకుంది. దెబ్బకొకసారి సన్నాయి పాఁ అని అరిచింది. ధన్, పాఁ. ధన్, పాఁ. పిల్లలు పడి పడి నవ్వారు. పెద్దవాళ్లు మర్యాదకు నవ్వు ఆపుకున్నారు, అది ఇంకా కష్టంగా అనిపించింది. బాపు డబ్బా మూత మూసి నా చేతికిచ్చాడు. ఆటోలో ఇంటిదాకా బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఇగ సాలు బిడ్డా" అన్నాడు ఇల్లు చేరాక. "నవ్వులపాలైనం."

ఆ సాయంత్రం అమ్మ వాకిట్లో కట్టెల పొయ్యి మీద స్నానాలకు నీళ్లు కాస్తోంది. నేను పక్కనే పీట మీద కూర్చుని, ఎంత గట్టి మోతను ఊపిరి కాదని వదిలేయాలో డబ్బాకు చెప్పాలని చూస్తున్నాను. మోత తగ్గించి వింటే ఊపిరి కూడా వినబడడం లేదు.

"ఏమైంది, మొకం గట్ల వెట్టినవ్?"

"అది డోలు మోత గూడ ఇంటున్నదమ్మా. బాపు ఊపిరొక్కటే ఇనాలె. ఎట్ల?"

అమ్మ ఊదుగొట్టం పొయ్యిలో పెట్టి ఊది, మంట లేచాక నా వైపు తిరిగింది.

"పొయ్యి మండాలంటె వాకిలంత ఊదుతనా? గొట్టంవెట్టి ఊదుత. నీ డబ్బకు గొట్టం లేదా?"

నేను లేచి బాపు దవాఖాన సామాన్ల సంచి తీశాను. అందులో వాడకుండా మిగిలిన సెలైన్ పైపు ఉంది. జానెడు ముక్క కోసి, డబ్బా మైకు రంధ్రం మీద ఎం-సీల్ ముద్దతో అతికించాను. చుట్టూ గిన్నెలు తోమే స్పాంజి చుట్టి గుడ్డతో కట్టాను. బయటి మోతకు దారి మూసుకుపోయింది, గొట్టంలో ఊపిరి మాత్రం గాలివానలా వినిపిస్తోంది. చిన్నాయనను పిలిచి, డోలు డబ్బా పక్కనే పెట్టి చేతనైనంత గట్టిగా కొట్టమన్నాను. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగి చూశారు. డబ్బా కిక్కురుమనలేదు.

"బాపూ, రా" అన్నాను.

గొట్టాన్ని పెదవి బాగున్న వైపు పళ్ల సందున పెట్టుకున్నాడు. డోలు మోగుతూనే ఉంది. దాని మీద తేలుతూ సన్నాయి లేచింది. గోడ మీది తలలు వెనక్కి పోలేదు.

చేవెళ్ల అనంతయ్య మాకు పాత పరిచయం. కూరగాయల మార్కెట్‌లో దుకాణం. ఆయన కూతురు పూజిత లగ్గం వైశాఖంలో ఉంది. ఎప్పుడో చిన్నపిల్లగా ఉన్నప్పుడే "నా లగ్గానికి నువ్వే ఊదాలె" అని పూజిత బాపు దగ్గర మాట తీసుకుంది. బాపు పడ్డాక ఆయన్ని ఇబ్బంది పెట్టడమెందుకని అనంతయ్య ఏర్పాట్లన్నీ జగదీశ్ అనే ఈవెంట్ మేనేజరుకు అప్పజెప్పాడు.

మేము వాళ్లింటికి వెళ్లేసరికి జగదీశ్ సోఫాలో కూర్చుని ట్యాబ్‌లో పూల పందిరి బొమ్మలు చూపిస్తున్నాడు. బాపు మొహమాటపడుతూ నిలబడ్డాడు.

"అనంతయ్యా, ముహూర్తానికి నేనే ఊదుత" అన్నాడు.

అనంతయ్య ఆయన పెదవి వైపు చూసి తల దించుకున్నాడు. "నీకు తక్లీఫ్ ఎందుకన్నా. జగదీశ్ దగ్గర రికార్డింగ్ ఉన్నదట."

"మంచి క్వాలిటీ అంకుల్" అన్నాడు జగదీశ్. ఎగతాళిగా అనలేదు, ఉన్నమాటే చెప్పాడు.

నేను సంచిలోంచి డబ్బా, చిన్న స్పీకరు తీశాను. జగదీశ్ కనుబొమలు పైకి పోయాయి. "గిది గేమ్ గదా? మా కజిన్ దగ్గరుండె!" బాపు ఎవరి వైపూ చూడకుండా గొట్టం నోట్లో పెట్టుకున్నాడు.

ఆనందభైరవి ఎత్తుకున్నాడు. రెండు మూడు గుక్కలే అయ్యాయి, లోపలి గదిలోంచి ముసలి గొంతు వినిపించింది.

"యాదగిరొచ్చిండా? ఓ యాదగిరీ, పెదవి మంచిగైందా బిడ్డా?"

అనంతయ్య తల్లి సాలమ్మ. మంచం దిగక చాలా కాలమైంది. ఆమెకు మేము కనబడము, మేమొస్తున్నట్టు ఎవరూ చెప్పలేదు. బాపు ఊదడం ఆపాడు. గొట్టం తీసి లోపలి గది వైపు చూశాడు. మళ్లీ నోట్లో పెట్టుకుని, ఆపిన దగ్గర్నుంచి ఎత్తుకుని చివరిదాకా వాయించాడు. సాలమ్మకు జవాబు అదే అయింది.

అనంతయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. జగదీశ్ ట్యాబ్ మూసి, "అంకుల్, లైన్ నేనిప్పిస్త. మిక్సర్ల డైరెక్టుగ పెడదం" అన్నాడు.

లగ్గం రోజు చేవెళ్ల ఫంక్షన్ హాలు కిక్కిరిసింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. డబ్బా వేడెక్కకుండా నేను తడిగుడ్డ మీద గిన్నె, గిన్నె మీద డబ్బా పెట్టుకుని తెచ్చాను. మమ్మల్ని చూసి ముందు వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. పంచె కట్టుకుని, కండువా వేసుకుని, మేళం గద్దె మీద కూర్చుని పిల్లలాడుకునే ఆటబొమ్మ తెరిచిన మనిషిని చూస్తే ఎవరైనా గుసగుసలాడతారు. ఒకాయన ఫోన్ తీసి వీడియో పట్టసాగాడు, నవ్వడానికి సిద్ధంగా.

జీలకర్ర బెల్లం అయింది. పుస్తెలు అందరి చేతా ముట్టించి తెమ్మని అయ్యగారు పళ్లెం పంపించారు. పూజిత మేనత్త దాన్ని పట్టుకుని వరుసల్లోకి దిగింది. అంతమంది జనం, అందరూ ముట్టి దండం పెట్టాలనుకునేవాళ్లే. పళ్లెం ఆడవాళ్ల వరుసల్లోకి పోయి ఇక ముందుకు కదలలేదు. ఒకరు కళ్లకద్దుకుంటే ఇంకొకరు పిల్లకు చూపిస్తున్నారు.

"ముహూర్తం దగ్గర వడ్డదమ్మా, తొందరగ!" అని అయ్యగారు మైకులో అరిచారు. ఆయన గొంతులో కంగారు అందరికీ అంటుకుంది. పెళ్లికొడుకు తండ్రి లేచి నిలబడ్డాడు. అనంతయ్య ఎటు పోవాలో తెలియక మండపం మీదే తిరుగుతున్నాడు. పూజిత తలంతా చెమట.

బాపు పళ్లేన్ని చూస్తున్నాడు. డబ్బా వైపు చూపు లేదు. పళ్లెం వెనక వరుసలో ఆగితే ఆయన కింది స్వరాల్లోనే మెల్లగా తిరిగాడు, తొందరేమీ లేదన్నట్టు. అది ఒక వరుస ముందుకు వస్తే ఒక స్వరం పైకి జరిగాడు. మళ్లీ ఆగితే అక్కడే నిలబడి, చిన్న చిన్న గమకాలతో దాని చుట్టూ తిరిగాడు. చిన్నాయన వెంటనే పట్టుకున్నాడు. డోలు వేళ్లతోనే నడుస్తోంది. పక్కన శ్రుతిపెట్టె పట్టుకుని కూర్చున్న నాకు, హాల్లో గుసగుసలు తగ్గడం మొదట అర్థం కాలేదు. తర్వాత చూశాను. జనం తలలు సన్నాయి వైపు ఒకసారి, పళ్లెం వైపు ఒకసారి తిరుగుతున్నాయి. పళ్లెం ఎక్కడుందో చూడకుండానే తెలుస్తోంది. కంగారుపడుతున్న అయ్యగారు కూడా కుదురుకుని కూర్చున్నారు. వరుసల్లోని ఆడవాళ్లు తమంతట తామే చేతులు మార్చి మార్చి పళ్లేన్ని ముందుకు పంపడం మొదలుపెట్టారు.

అది నడిమి దారిలోకి వచ్చేసరికి సన్నాయి పై షడ్జం అందుకుంది. మేనత్త మెట్లెక్కింది. పెళ్లికొడుకు పుస్తెలు చేతిలోకి తీసుకుని లేచాడు. బాపు ఆ షడ్జం మీదే నిలిచాడు. మెడ నరాలు ఉబ్బాయి, పెదవి మీది మచ్చ ఎర్రబడింది. నిజం ఊపిరే, నిజంగానే అయిపోవస్తోంది. మొదటి ముడి పడిన క్షణాన తల ఊపాడు. చిన్నాయన చేతులు డోలు మీద విరుచుకుపడ్డాయి.

గట్టిమేళం.

అక్షింతలు వానలా పడ్డాయి. ఫోన్ పట్టుకున్నాయన వీడియో సంగతి మరిచి రెండు చేతులూ పైకెత్తాడు. జగదీశ్ మిక్సర్ దగ్గర నిలబడి ఈల వేశాడు.

భోజనాలయ్యాక సాలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మా దగ్గరికి తీసుకొచ్చారు. బాపు డబ్బా చూపించాడు. ఆమె గొట్టాన్ని, స్పాంజిని, పుల్లను తడిమి చూసింది. "గిదా!" అంది. తర్వాత డబ్బాను పక్కకు జరిపి బాపు పెదవి మీద వేలు పెట్టింది.

తర్వాతి రోజుల్లో మా ఇంట్లో ఫోన్ ఆగలేదు. జగదీశ్ తన లగ్గాలన్నిటికీ మమ్మల్నే చెప్పాడు. బాపు సెలూన్‌లో గడ్డాలు గీస్తూనే రాగాలు తీయసాగాడు. సాయంత్రాలు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, పుల్ల ఎక్కడ తేలిపోవాలో, ఎక్కడ ఆనాలో చెప్పేవాడు. మొదట డబ్బా పాడైతే బాగుచేయడానికి నాకూ తెలియాలి కదా అన్నాడు. అది సాకు అని ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు చిన్నాయనతో, "సన్నాయికి జోడుండాలె. రెండోది మన సింధుజ ఊదుతది" అన్నాడు నన్ను చూపిస్తూ.

చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. "ఆడివిల్ల మేళంల గూసుంటదా అన్నా? మన ఇంట్ల ఎన్నడన్న ఉన్నదా?"

అమ్మ చాట కింద పెట్టింది. "కాలేజీల కూసుంటలేదా? బస్సుల కూసుంటలేదా? గద్దె మీద కూసుంటె గద్దె ఏమన్న ఇరుగుతదా?"

చిన్నాయన నవ్వేశాడు. తర్వాతి గురువారం బాపూ నేనూ జుమేరాత్ బజారుకు పోయాము. నాకు దొరికినట్టే ఇంకో డబ్బా దొరకడానికి పొద్దంతా తిరగాల్సి వచ్చింది. చివరికి ఒక తోపుడు బండి మీద కనబడితే బాపు దాన్ని తెరిచి, నేను మా ప్రోగ్రామున్న కార్డు వేయగానే మైకులో ఊది చూశాడు. బండివాడు "క్యా కర్‌రే చాచా?" అని, ఏం చేస్తున్నాడో తెలియక నోరు తెరిచాడు. "సన్నాయి కొంటున్న" అన్నాడు బాపు చాలా సీరియస్‌గా.

ఆ ఎండాకాలంలో చివరి లగ్గం చిల్కూరు దగ్గర ఒక తోటలో జరిగింది. మబ్బు పట్టి, మామిడి చెట్ల కింద చల్లగా ఉంది. అమ్మ తన పట్టుచీర నాకు కట్టింది. గద్దె మీద బాపు పక్కన కూర్చుని కుచ్చిళ్లు సర్దుకున్నాను. ముందు వరుసలో కొందరు నా వైపు చూసి ఏదో అనుకున్నారు. బాపు అదేమీ పట్టించుకోకుండా శ్రుతి సరిచూసి ఎత్తుకున్నాడు. నేను ఆయన వెనకే, తక్కువ గొంతుతో నడిచాను. ఆయన పోయిన దారిలో పోవడమే నా పని. ఇంట్లో అట్లాగే అనుకున్నాము.

తలంబ్రాలు మొదలయ్యాయి. బాపు కల్యాణిలో పైకి పోతూ పోతూ, పాటలో ఒక మాట సగంలో ఉండగా గొట్టం నోట్లోంచి తీసేశాడు. ఊపిరి చాలక కాదు. నా వైపు చూడను కూడా చూడలేదు. కండువాతో మెడ తుడుచుకుంటూ పెళ్లికూతురు దోసిళ్ల వైపు చూస్తున్నాడు. చిన్నాయన డోలు మీద చేయి గాలిలో ఆపి పట్టుకున్నాడు.

గొట్టం నా పళ్ల మధ్య ఉంది. ఊదాను.

ఆయన వదిలిన చోటు నుంచి అందుకుని, ఆయన పోయే దారిలో కాకుండా కొంచెం పక్కకు జారి, నాకు తోచినట్టు తిరిగి వచ్చి ఆ మాట పూర్తిచేశాను. డోలు దాని మీదికి దూకింది. నేను ఇంకా పైకి పోయాను. వెనక వరుసలో పెద్దాయన ఒకరు పక్కవాళ్లతో అనడం స్పష్టంగా వినబడింది.

"గిప్పుడు ఊదేది యాదగిరి కాదు."

బాపు అటు తిరిగాడు.

"కాదు" అన్నాడు గట్టిగా, హాయిగా నవ్వుతూ. "నా బిడ్డ."